మెట్ల దారిలో తీర్థం

అడవిలో కాసేపు నడిచి, మెట్లు దిగి, బండ మీంచి పడే చిన్న నీటిధార కింద తల తడుపుకొని తిరిగి రావడం విహారమా, తీర్థయాత్రా? ఈ ప్రశ్నలోనే ఇంకోటి ఉంది. పెద్దగా కష్టపడకుండా చేరుకున్న చోట పుణ్యం దొరుకుతుందా? ధర్మగ్రంథాలు, భక్తకవులు, రాజశాసనాలు, దారి పక్కన కాపురముండే జనం దీనికి తలోరకంగా జవాబు చెప్పారు. జవాబులు ఒకదానికొకటి అడ్డం తగులుతాయి కూడా.

ఈ ప్రశ్నను ఒక ఊరి వైపు నుంచి మొదలుపెడదాం. రాయచూరు నుంచి శక్తినగర్ వెళ్ళే దారిలో ఉన్న చిక్కసూగూరు వారికి జలపాతం ఇంటి ముంగిట దొరికేది కాదు. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న ఈ అంతర్వేది చాలావరకు గ్రానైటు, నైసు రాళ్ళ మీద పరుచుకున్న చదునైన మెట్టనేల. అక్కడక్కడ గుండ్రాళ్ళ గుట్టలున్నా, వాటి మీద నీటిని పట్టి ఉంచి నెమ్మదిగా విడిచిపెట్టే దట్టమైన అడవి లేదు. ఉన్నదల్లా కృష్ణ. దేవసూగూరు సూగూరేశ్వరుడి గుడి చెంతన, థర్మల్ విద్యుత్ కేంద్రం పక్కన పారే ఆ నది తెలంగాణలోకి మళ్ళి, జూరాల ఆనకట్ట దాటి, ఆలంపురానికి దిగువన తుంగభద్రను కలుపుకొని నల్లమలలోకి చొరబడుతుంది. కొండ, అడవి, జలధార మూడూ ఒక్కచోట కలిసేది అక్కడే. రాయచూరు ప్రాంతపు కన్నడ, తెలుగు భక్తులు తరతరాలుగా శ్రీశైలానికి పోయేదీ ఆ దిక్కుకే. అందుకని ఈ ప్రశ్నను నల్లమలలో నిలబెట్టి చూడటమే సబబు.

నల్లమల పీఠభూమి పైభాగంలో క్వార్ట్‌జైటు రాతి పొరలున్నాయి. ఆ రాయి గట్టిది, దానికి పగుళ్ళు మాత్రం చాలా. వాననీరు ఆ పగుళ్ళలోంచి దిగి, పొరల అంచు తెగిన చోట ఊటగానో ధారగానో బయటపడుతుంది. అలాంటి ధారల్లో ఎక్కువమంది చూసేది మల్లెల తీర్థం. హైదరాబాదు–శ్రీశైలం రోడ్డు మీద వటవర్లపల్లి దగ్గర పక్కకు తిరిగి, అడవి దారిలో కొన్ని కిలోమీటర్లు పోయి, సుమారు 350 మెట్లు దిగితే ధార కనిపిస్తుంది. నీరు శివలింగం మీద పడుతుంది, అక్కణ్ణుంచి వాగై అడవిలోంచి కృష్ణలో కలుస్తుంది. శ్రీశైలం ఆలయానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, హాటకేశ్వరం దగ్గరి పాలధార పంచధార ఇంకా చిన్నది. అక్కడ బండ సందుల్లోంచి సన్నటి ధారలు జారుతుంటాయి. ఆదిశంకరులు అక్కడ తపస్సు చేశారనీ, శివానందలహరి అక్కడే చెప్పారనీ స్థలపురాణం. శివానందలహరి 50, 51 శ్లోకాల్లో శ్రీగిరి మల్లికార్జునుడి ప్రస్తావన ఉన్నమాట నిజమే. ఈ రెండు చోట్లకూ పోవడానికి సాహసం అక్కర్లేదు. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, మోకాళ్ళు పట్టేసిన పెద్దలు కూడా ఆగి ఆగి దిగగలరు. మెట్లు దిగేటప్పటి కన్నా ఎక్కేటప్పుడే ఆయాసం.

ఒక నీటిచోటును తీర్థమని ఎందుకంటారో మహాభారతం అనుశాసన పర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెబుతాడు. ఆయన లెక్కలో కారణాలు మూడు: ఆ నేలకున్న అబ్బురమైన ప్రభావం, ఆ నీటికున్న తేజస్సు, మునులు ఆ చోటును తమదిగా చేసుకోవడం. శరీరంలో కొన్ని అవయవాలను పవిత్రమనుకున్నట్టే భూమ్మీద కొన్ని చోట్లు అంతేనంటాడు. ఈ విభజన చాలా తెలివైనది. మొదటి రెండు కారణాలూ మనిషి చేతిలో లేవు, మూడోది పూర్తిగా మనిషిదే. మల్లెల తీర్థాన్ని ఈ లెక్కలో పెడితే నేల అంటే ఆ పగుళ్ళ రాయి, నీరు అంటే ఆ ధార. దాని కింద ఎవరో ఒకనాడు లింగాన్ని నిలబెట్టారు, మునులు తపస్సు చేశారన్న కథ చెప్పుకున్నారు. అది మూడో కారణం. అది లేకపోతే మిగిలేది జలపాతమే. తీర్థం కాదు. మరి వారాంతంలో కారు దిగి ఫొటో తీసుకుని వెళ్ళేవాడు ఆ మూడో కారణంతో సంబంధం పెట్టుకుంటున్నాడా, మొదటి రెంటితోనే సరిపెట్టుకుంటున్నాడా? విహారానికీ యాత్రకూ మధ్య గీత ఎక్కడో ఇక్కడే ఉండాలి.

ఆ గీతను రాతి మీద గీసిన చోటు ఈ ప్రాంతానికి బాగా దగ్గరిదే. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు వేయించిన ఎనిమిదో శిలాశాసనం యాత్రల గురించినది. వెనకటి రాజులు విహారయాత్రలు చేసేవారనీ, అందులో వేట, అలాంటి ఇతర వినోదాలు ఉండేవనీ ఆ శాసనం చెబుతుంది. తాను పట్టాభిషేకమైన పదో ఏట బోధివృక్షమున్న చోటికి వెళ్ళాననీ, అప్పటినుంచి తనవి ధర్మయాత్రలయ్యాయనీ అశోకుడు అంటాడు. బ్రాహ్మణులను, శ్రమణులను, వృద్ధులను చూడటం, దానమివ్వడం, పల్లెజనాన్ని కలిసి ధర్మం మాట్లాడటం, ఇవీ ఆ యాత్రల్లోని పనులు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉన్న పద్నాలుగు శాసనాల్లో ఇదీ ఒకటి. గమనించాల్సింది చివరి మాట. ధర్మయాత్రలో తనకు ఎక్కువ ఆనందం కలుగుతోందంటాడు అశోకుడు. ఆనందాన్ని వదులుకోమని ఆయన చెప్పలేదు. విహారాన్ని కాదన్నది సుఖం పాపమని కాదు, అంతకన్నా పెద్ద సుఖం ఇంకోచోట దొరికిందని.

రాయచూరు జిల్లాలోనే మస్కి బండ మీద 1915లో బయటపడిన చిన్న శాసనం ఇంకో సంగతి చెబుతుంది. అశోకుడన్న పేరు ఆ రాజుదేనని చరిత్రకారులకు స్థిరపడింది ఆ శాసనంతోనే, దాని ప్రసిద్ధి ఎక్కువగా అందుకు. దాని అసలు సందేశం మీద అంతగా దృష్టి పడలేదు. ధర్మంలో నిలబడితే చిన్నవాడు కూడా ఆ ఫలాన్ని అందుకోగలడు, గొప్పవాడికే అది సాధ్యమని అనుకోవద్దు అన్నది ఆ సందేశం. మహాభారతం వనపర్వంలో పులస్త్యుడు భీష్ముడికి తీర్థాల గురించి చెబుతూ దాదాపు ఇదే దారిలో వాదిస్తాడు. యజ్ఞాలకు సంభారాలు కావాలి, ధనం కావాలి, మనుషులు కావాలి, అవి రాజులకే చెల్లుతాయి. పేదవాడు చేయగలిగి యజ్ఞంతో సమానమైన ఫలమిచ్చేది తీర్థయాత్ర. అంటే తీర్థం మొదటినుంచీ అందుబాటు కోసమే పుట్టింది. సులభంగా ఉండటం దాని లోపం కాదు, దాన్ని కల్పించిన ఉద్దేశమే అది.

అయితే కష్టానికి విలువ లేదా? ఉందని శ్రీశైలం దారి ఏటా నిరూపిస్తుంది. ఉగాదికి ముందు రాయచూరు, బళ్ళారి, బాగల్‌కోట్, విజయపుర వైపు నుంచి వేలమంది కన్నడ భక్తులు కాలినడకన బయలుదేరతారు. ఆత్మకూరు దాటి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారానికి ఎక్కుతారు. ఎండ మండుతూ ఉంటుంది, కాళ్ళు బొబ్బలెక్కుతాయి, దారిపొడవునా మజ్జిగ, అన్నం పెట్టేవాళ్ళుంటారు. భ్రమరాంబను తమ ఆడపడుచుగా భావించి చీర, పసుపుకుంకుమలు తెచ్చేవాళ్ళున్నారు. ఈ ఊరేగింపు కొత్తది కాదు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణానికి పర్వతమనే పేరు పెట్టి, శ్రీశైల యాత్రికుల పాటలు, ఆటలు, నడక ఎంతో వివరంగా రాశాడు. ఆ గుంపుల్లో నడిచేవాడికి కష్టం భక్తిలో భాగమే. దాన్ని తీసేస్తే అతనికి ఏదో పోయినట్టే ఉంటుంది.

శాస్త్రంలోనూ ఈ పక్షానికి బలముంది. ప్రయాగయాత్ర గురించి చెబుతూ మత్స్యపురాణం వాహనంలో పోవడాన్ని నిషేధించింది, అలా పోయినవాడికి తీర్థం నిష్ఫలమంది. కానీ ఆ శ్లోకాన్ని సగం చదివి వదిలేయకూడదు. ఐశ్వర్యం చూపించుకోవాలన్న లోభంతో, మోహంతో వాహనమెక్కినవాడి గురించే ఆ మాట. నిషేధం బండి మీద కాదు, బండెక్కిన దర్జా మీద. ఇది ప్రయాగకే పరిమితమా, తీర్థాలన్నిటికీ వర్తిస్తుందా అన్నది తర్వాతి నిబంధకారులకు పెద్ద చర్చ. ఇక ఒంటిని హింసించుకోవడమే తపస్సనుకునేవారిని భగవద్గీత పదిహేడో అధ్యాయం మెచ్చలేదు. మూఢమైన పట్టుదలతో తనను తాను పీడించుకుంటూ చేసే తపస్సు తామసమని కరాఖండిగా చెప్పింది. బొబ్బలకు వాటంతట వాటికే ఫలం లేదన్నమాట.

ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది, దానిమీద శాస్త్రాల కన్నా చరిత్ర ఎక్కువ వెలుగు చూపిస్తుంది. 14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. ఎర్రనను ఆదరించిన రాజుగా సాహిత్యంలో ఎంత పేరుందో, మెట్లు కట్టించిన రాజుగా యాత్రికుల్లో అంత పేరు. ఆ పనిని అతని పుణ్యకార్యాల్లో మొదటి వరుసలో చెప్పుకున్నారు. అశోకుడూ దారుల వెంట బావులు తవ్వించి, చెట్లు నాటించి, ఆ సంగతి రెండో శిలాశాసనంలో రాయించాడు. చలివేంద్రం పెట్టడం, సత్రం కట్టించడం, గుట్టకు మెట్లు తొలిపించడం, దాతల శాసనాలన్నీ ఇవే. మరి ఎదుటివాడి కష్టాన్ని తగ్గించడం ఒకరికి పుణ్యమైతే, ఆ తగ్గిన కష్టంతో వచ్చినవాడికి పుణ్యం తరిగిపోవడం ఎలా కుదురుతుంది? దాత సంపాదించిన పుణ్యం యాత్రికుడి పుణ్యంలోంచి కోసి ఇచ్చినది కావాలి అప్పుడు. అలా ఎవరూ అనుకోలేదు. మెట్లు కట్టినవాడినీ కొలిచారు, మెట్లెక్కినవాడినీ భక్తుడనే అన్నారు. కాబట్టి పుణ్యాన్ని కొలిచే కొలమానం కష్టం కాదని ఆచారమే ఒప్పేసుకుంది. కష్టం కొందరి భక్తికి రూపం. అందరికీ షరతు కాదు.

అసలు నీటిలోనే ఏమీ లేదనే పక్షం మూడోది. వేమన తీర్థాలను, మునకలను ఎంతగా ఎకసెక్కం చేశాడో తెలుగువాడికి చెప్పనక్కర్లేదు. మనసులో గట్టి భక్తి లేనివాడు నీటిలో మునిగి ఏం లాభమని 16వ శతాబ్దంలో పురందరదాసు నిలదీశాడు. రాయచూరు జిల్లా మాన్వి జగన్నాథదాసుల దాకా సాగిన హరిదాస పరంపరకు ఆయనే పెద్దదిక్కు. గంగాసాగరానికి పోయినా, వ్రతాలు చేసినా, జ్ఞానం లేనిదే నూరు జన్మలకైనా ముక్తి లేదని చెప్పే భజగోవింద శ్లోకాన్ని శంకరులకే ఆపాదిస్తారు. ఏ శంకరులకు? పాలధార పక్కన కూర్చుని తపస్సు చేశారని జనం నమ్మే శంకరులకే. 12వ శతాబ్దంలో బసవేశ్వరుడి బాటలో నడిచిన శరణులు స్థావరాన్ని కాదని జంగమాన్ని పట్టుకున్నారు, కదలని గుడి కన్నా కదిలే మనిషి గొప్పన్నారు. అయినా అక్కమహాదేవి కల్యాణ పట్టణం నుంచి నడిచి నడిచి చివరికి చేరింది శ్రీశైలం అడవికే. కదళీవనంలోనే మల్లికార్జునుడిలో లీనమైందని సంప్రదాయం. అల్లమప్రభువు కథ ముగిసేదీ ఆ కొండల్లోనే.

ఇది వైరుధ్యమని కొట్టిపారేయడం తేలిక. నీటిలో పుణ్యం లేదన్నవాళ్ళు నీళ్ళున్న అడవికి ఎందుకు పోయారు? వాళ్ళ మాటలను కాస్త నిదానంగా చూస్తే, కాదన్నది చోటును కాదని తెలుస్తుంది. చోటు తనంతట తానే పని చేసి పెడుతుందన్న భరోసాను కాదన్నారు. ఒక మునకతో ఖాతా సరిచేసుకోవచ్చన్న బేరాన్ని కాదన్నారు. అక్క అడవిలో చెట్లను, చిలుకలను, కోయిలలను పలకరించి తన చెన్నమల్లికార్జునుడి జాడ అడుగుతుంది. ఆమె అక్కడికి పోయింది పుణ్యం కోసం కాదు, వెతుకులాట కోసం. భీష్ముడు కూడా నేలమీది తీర్థాలకు కారణాలు చెప్పిన ఆ అధ్యాయంలోనే మానస తీర్థాన్ని ముందు పెట్టాడు. సత్యం, ధైర్యం కలిసిన లోతైన మడుగులో మునగమన్నాడు. రెండూ ఉండాలన్నాడు తప్ప ఒకటుంటే రెండోది అక్కర్లేదనలేదు.

అలాగైతే సులభంగా చేరిన యాత్రికుడి నుంచి శాస్త్రం కోరేదేమిటి? పులస్త్యుడి జవాబు సూటిగా ఉంది. చేతులు, కాళ్ళు, మనసు అదుపులో ఉన్నవాడు, దానాలు పట్టనివాడు, ఉన్నదానితో తృప్తిపడేవాడు, అహంకారం లేనివాడు, మితంగా తినేవాడు, కోపం లేనివాడు, ప్రాణులన్నిటినీ తనలాగే చూసేవాడు తీర్థఫలాన్ని అనుభవిస్తాడు. ఈ జాబితాలో మైళ్ళ లెక్క లేదు, మెట్ల లెక్క లేదు. అదుపులో ఉండాల్సిన వాటిలో చేతులు ముందు వచ్చాయి. మల్లెల తీర్థం దగ్గర చేతులు చేసే పనులు చూస్తే ఆ వరుస అర్థమవుతుంది. బండ మీద పేర్లు చెక్కేవి, కోతులకు చిరుతిళ్ళు విసిరేవి, ఖాళీ సీసాలను వాగులోకి జారవిడిచేవి చేతులే. తైత్తిరీయ ఆరణ్యకం నీటి విషయంలో పెట్టిన కట్టడి ఇంకా ముక్కుసూటిది. నీళ్ళలో మలమూత్రాలు విడవకూడదు, ఉమ్మకూడదు, బట్టల్లేకుండా స్నానం చేయకూడదు. నీటిని దేవత అనుకున్నవాడికి ఇవి మర్యాదలు, అనుకోనివాడికి ఇవి ఆరోగ్య సూత్రాలు. రెండు వైపుల నుంచి వచ్చినా చేయాల్సింది ఒకటే కావడం ఈ నియమాల అందం.

మల్లెల తీర్థం ఉన్న అడవి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. దాని గుండా పోయే శ్రీశైలం దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వెళ్ళనివ్వరు. యాత్రికులకు ఇది విసుగు పుట్టించే నిబంధనే. కానీ పూర్వపు యాత్రా నియమాల పక్కన పెట్టి చూస్తే ఇందులో పరాయితనమేమీ లేదు. ప్రాణులన్నిటినీ తనలాగే చూడమన్న మాటకు అటవీశాఖ భాషలో వచ్చిన రూపమిది.

ధారను ఎలా చూడాలన్నదానిలో దేశదేశాల పద్ధతులు వేరు. జపాన్‌లో 133 మీటర్ల నాచి జలపాతమే దేవుడు. అక్కడి హిరో మందిరానికి ప్రత్యేకంగా గర్భగుడి కట్టలేదు, మొక్కాల్సింది ధారకే. నల్లమలలో అలా కాదు. ఇక్కడ నీరు దేవుడి మీద పడుతుంది, ధార అభిషేకం చేసే పూజారి. జర్మన్ తత్వవేత్త కాంట్ 1790లో రాసిన సౌందర్య విమర్శలో పెద్ద నది ఎత్తునుంచి దూకే జలపాతాన్ని భయం గొలిపే మహత్తుకు ఉదాహరణగా తీసుకున్నాడు. చూసేవాడు సురక్షితమైన చోట నిలబడినప్పుడే ఆ భయం ఆకర్షణ అవుతుందన్నాడు. పాలధార లాంటి సన్నటి ధారకు ఆ సిద్ధాంతం అతకదు. అది ఎవరినీ భయపెట్టదు, తలవంచమని బలవంతపెట్టదు. పెద్ద జలపాతం ముందు మనిషి నోరు మూసుకోవడానికి భక్తి అక్కర్లేదు, హోరు చాలు. చిన్న ధార ముందు ఆ మౌనం మనిషే తెచ్చుకోవాలి. భక్తికి పరీక్ష నిజానికి చిన్న ధార దగ్గరే కఠినం.

ఈ చర్చలో తరచూ మరిచిపోయేది చెంచుల మాట. వాళ్ళకు నల్లమల విహారస్థలమూ కాదు, యాత్రాస్థలమూ కాదు. తేనె, దుంపలు, నీళ్ళు దొరికే ఇల్లు. మల్లికార్జునుడు చెంచుపిల్లను పెళ్ళాడాడు కాబట్టి వాళ్ళకు అల్లుడు, చెంచు మల్లయ్య. భ్రమరాంబ కన్నడిగులకు ఆడపడుచు కావడంతో దేవుడు ఒకేసారి రెండిళ్ళ అల్లుడయ్యాడు, ఇద్దరిలో ఎవరూ దీనికి అభ్యంతరం చెప్పలేదు. దూరం నుంచి వచ్చేవాడికి కష్టమా సులభమా అన్న ప్రశ్న పుడుతుంది. అక్కడే ఉన్నవాడికి పుట్టదు. ఇంటి అల్లుణ్ణి చూడటానికి ఎంత నడవాలని ఎవరడుగుతారు?

సలేశ్వరం జాతర ఆ తేడాను బాగా చూపిస్తుంది. మల్లెల తీర్థం ఉన్న అడవిలోనే, లోతైన లోయ అడుగున ఉన్న ఆ ధార దగ్గరికి చైత్ర పౌర్ణమి రోజుల్లోనే జనాన్ని వెళ్ళనిస్తారు. పూజారులు చెంచులు. దారి రాళ్ళది, ఏటవాలుది. వచ్చేవాళ్ళలో సులభమైన మెట్లు అలవాటైనవాళ్ళు మధ్యలోనే కూలబడతారు. జాతర ఆ తిథికే ఎందుకో ఆలోచిస్తే తీర్థం మీద మరో వెలుగు పడుతుంది. చైత్రం నడివేసవి. జలపాతం చూడటానికి విహారయాత్రికులు ఎంచుకునే కాలం వానలు వెనకబట్టాక, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. ధార నిండుగా ఉంటుంది, అడవి పచ్చగా ఉంటుంది. వేసవిలో మల్లెల తీర్థం సన్నబడి, చూడటానికేముందని జనం మానేస్తారు. కన్నడ భక్తుల ఉగాది నడక, చెంచుల సలేశ్వరం జాతర మాత్రం సరిగ్గా ఆ ఎండిన నెలల్లోనే వస్తాయి. వాగులన్నీ ఇంకిపోయాక కూడా ఎక్కడ నీటిచుక్క ఆగకుండా పడుతోందో, మెట్టనేల జనానికి అదే దేవుడున్న చోటు. భీష్ముడు చెప్పిన నీటి తేజస్సును ధార లావుతో కొలిచేవాడు వానాకాలం తర్వాత వస్తాడు. అది ఆగిపోకపోవడంతో కొలిచేవాడు ఎండాకాలంలో వస్తాడు. ఏడాది పొడుగునా పారే పాలధార దగ్గర ఈ ఇద్దరూ ఒకే మెట్ల మీద ఎదురుపడుతుంటారు, ఒకరు కెమెరాతో, ఇంకొకరు తీర్థం పట్టుకోవడానికి చెంబుతో. కొన్నిసార్లు ఆ రెండూ ఒక్క మనిషి చేతిలోనే ఉంటాయి.